కుడి పక్క బిళ్ల

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఎవరెవరంటే: సింహాద్రి, ఆయన తల్లి చిట్టమ్మ, ఆయన కొడుకు ఉమామహేష్, ఆయన చెల్లెలి కూతురు సాయిదుర్గ. సింహాద్రి భార్య సీతాలు లేదు. ఎండు నెత్తళ్ళ చేపల గంప ఆటోలో వేసుకుని అమ్మడానికి పొద్దున్నే సీతమ్మధార వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి సింహాద్రికి చిన్నాన్న వరసయ్యే దాలయ్య తాత వచ్చాడు గనక మొత్తం ఐదుగురు. కానీ పొద్దున్న నలుగురే ఉన్నప్పుడు బియ్యం కొలుస్తూ చిట్టమ్మ వేళ్ళు మడిచి "ముగ్గురం" అంది. సాయిదుర్గను లెక్కలో మరిచిపోవడం ఆ ఇంట్లో కొత్తేమీ కాదు.

ఆ పిల్ల తీరే అంత. భీమిలి అవతల ఊరిబడిలో చదివినన్నాళ్ళూ హాజరు పిలిస్తే ఆమె గొంతు మాస్టారి దాకా చేరేది కాదు. ఎదురుగా కూర్చున్న పిల్లకే ఆయన రాలేదని గీత పెట్టేసేవారు. పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయని ఇంటరు చదవడానికి జాలారిపేటలో మేనమామ ఇంటికి పంపారు. వచ్చి ఏడాదైంది. నోటితో అనలేనివన్నీ ఒక నోటుపుస్తకంలో తేదీలు వేసి రాసుకునేది. ఎవరొచ్చారు, ఏం కూర వండారు, ఎవరు ఎవరితో పోట్లాడారు, అన్నీ.

ఉమామహేష్‌కు పందొమ్మిదేళ్ళు. సాయిదుర్గకు బావ వరస. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"ఓలె దుర్గా, మీ బావకి సేప తలకాయ ఏసినావా, తోకే ఏసినావా?"

"తలకాయే ఏసుంటాది. కొంగులో దాసి మరీ."

ఆ మాటలకు బిందె అక్కడే వదిలేసి ఇంట్లోకి పరిగెత్తేది. బావ గదిలోకి వస్తే గోడ వైపు తిరిగేది. అయితే చూడకూడదని పట్టుపట్టిన కళ్ళకే అన్నీ కనబడతాయి. అలాగే ఫిబ్రవరి నెలలో ఒక సాయంత్రం ఆమెకు కనబడకూడనిది కనబడింది.

ఆ రోజు పోటెక్కువగా ఉంటే పడవను పైదాకా నెట్టి వచ్చాడు బావ. పెరట్లో నీళ్ళ గాబు వెనకాల వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు ముడిచి, కుడి గజ్జలో అరచెయ్యి పెట్టి మెల్లగా లోపలికి నెడుతున్నాడు. లుంగీ మీదనుంచే కోడిగుడ్డంత ఉబ్బు తెలుస్తోంది. కాసేపటికి అది చేతి కింద అణిగిపోయింది. ఊపిరి వదిలి కళ్ళు తెరిచేసరికి ఎదురుగా బకెట్టుతో సాయిదుర్గ.

"ఏటలా సూత్తన్నావు?"

"ఏటీ సూణ్నేదు."

"సూసినావు. ఎవులికైనా సెప్పినావంటే నానీ ఈదిలో తలెత్తుకు తిరగలేను. గజ్జల్లో ఉబ్బున్నోడని ముద్దుపేరెట్టీసి సచ్చేదాకా అదే పేరుతో పిలుత్తారు. ఒట్టెయ్."

చెయ్యి చాపాడు. సాయిదుర్గ ఆ చేతిలో చెయ్యి వేసింది. వేసింది గానీ మనసు ఊరుకోలేదు. ఊళ్ళో తన నాన్న తండ్రి శ్రీరామ్మూర్తి తాతకు ఇదే వచ్చింది. పేగు జారిందన్నారు. చీటీలు చదవడానికి తాత వెంట ఆసుపత్రికి వెళ్ళేది ఆమే. అక్కడి నర్సు దేవి చెప్పిన మాటలు ఆమె పుస్తకంలో ఉన్నాయి: పడుకుంటే లోపలికి పోతున్నన్నాళ్ళు నిదానంగా ఆపరేషను చేయించుకోవచ్చు. పోవడం మానేసి, గట్టిపడి, వాంతులు మొదలైతే గంట కూడా ఆగకూడదు. పిసకకూడదు, కాపడం పెట్టకూడదు. ఇరుక్కున్న పేగు రక్తం అందక చచ్చిపోతుంది.

ఈ నాలుగు ముక్కలూ కాగితం మీద రాసి బావ చొక్కా జేబులో పెట్టింది. మర్నాడు పెరట్లో దాని ముక్కలు కనబడ్డాయి.

"అది ముసిలోల్ల రోగమే. నాకేటొచ్చింది?" అన్నాడు అటు వెళ్తూ. అంతటితో ఆ మాట మూతబడింది.

మళ్ళీ అది పైకి తేలింది జూన్ పద్నాలుగున. రెండు నెలల వేట నిషేధం ఆ అర్ధరాత్రితో ముగుస్తుంది. జాలారిపేట అంతా పడవలకు పసుపు రాసి, వలలు సర్దుకుని, కొబ్బరికాయలు కొనుక్కుని సిద్ధంగా ఉంది. బాగుచేయించిన పడవ ఇంజను సింహాద్రి ఇంటి ముందు అరుగు పక్కనుంది. దాన్ని పడవ దాకా చేర్చాలి. వెదురు కావిడి బద్దకు కట్టి ఇద్దరు మోయాల్సిన బరువు. రెండో మనిషి ఇంకా రాలేదు.

పొద్దున్నే సింహాద్రి వీధిలో నిలబడి నవ్వాడు. "నీ యీడులో నానొక్కన్నే బుజానేసుకుని ఇసకలో పరిగెత్తీవోన్నిరా. నీకు బద్ద కావాలా, పల్లకీ కావాలా?"

అరుగుల మీదున్న మగవాళ్ళు నవ్వారు. ఉమామహేష్ ముఖం ఎర్రబడింది. ఇంజను కింద చేతులు పెట్టి ఒక్క ఊపున పైకెత్తాడు. భుజం మీదికి చేరింది. నాలుగడుగులు నడిచాడు. ఐదో అడుగులో మోకాలు వంగింది. ఇంజను ఇసుకలో దించి అక్కడే కూలబడ్డాడు. గడపలో ముగ్గు వేస్తున్న సాయిదుర్గ తలెత్తి లోపలి గోడ గడియారం వైపు చూసింది. ఆరుంబావు.

ఒంగి నడుస్తూ ఇంట్లోకొచ్చి లోపలి గదిలో పడుకున్నాడు. ఎనిమిదింటికి మొదటి వాంతి. తొమ్మిదిన్నరకు రెండోది. పదకొండింటికి మూడోది, పచ్చగా. చిట్టమ్మ ఎండదెబ్బ అని మజ్జిగ పట్టించింది. అదీ నిలవలేదు. అప్పుడు సింహాద్రి వచ్చి కొడుకు పక్కన కూర్చున్నాడు.

"ఏటైందిరా? ఎక్కడ నొప్పి?"

ఉమామహేష్ గోడ వైపు తిరిగాడు. "గజ్జల్లో నాన్నా. బిళ్ల కట్టింది. మొన్న జెల్లముల్లు దిగింది గదా."

అదీ ఒప్పుకోదగ్గ మాటే. కాలికి ముల్లో గాలమో దిగి చీము పడితే గజ్జల్లో బిళ్ల కట్టడం సముద్రం మీద బతికే ప్రతి ఇంటికీ తెలుసు. ఐదు రోజుల కిందట ఒడ్డున జెల్లచేప ముల్లు ఉమామహేష్ మడమలో దిగిన మాటా నిజమే. సింహాద్రి గుండె కుదుటపడింది.

"ఓస్, ఇంతేనా! ఇందాకే సెప్పుంటే అయిపోయేది. దాలయ్య సిన్నాన్ని పిలుత్తాను. రెండు నలుపులు నలిపితే సాయంత్రానికి లేచి కూకుంటావు. రేత్రికి ఏటకెల్లిపోదుం."

తలుపు పక్కన నిలబడ్డ సాయిదుర్గ ఆ మాట విన్నది. నలపడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. దాలయ్య తాత ఆముదం రాసి, వేడి ఉప్పు మూటతో అదిమి, రెండు బొటనవేళ్ళతో బిళ్లను ఎముకకేసి నొక్కుతాడు. ఆయన వేళ్ళు తాళ్ళు లాగి లాగి రాళ్ళయిపోయాయి. ఆ వేళ్ళ కింద నిజంగా బిళ్ల ఉంటే కరుగుతుంది. పేగు ఉంటే?

అత్తకు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. గంప నెత్తి మీదుంటే అత్త ఫోను తియ్యదు. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. పొయ్యి దగ్గర చిట్టమ్మ మూకుడులో ఉప్పు వేయిస్తోంది.

"అమ్మమ్మా, అది బిళ్ల కాదేమో. ఆసుపత్రికి..."

"ఏటీ? గట్టిగా సెప్పు."

"బావకి పేగు జారిందేమో."

చిట్టమ్మ గరిటె గాల్లో ఆగింది. "సీ! మగోడి గజ్జల సంగతి నీ నోటంటేటే? రేపు ఆణ్ని సేసుకోవాల్సిన గుంటవి. ఆ పైన ఏటకెల్లే రోజున ఆసుపత్రి మాటెత్తుతావా? ఎల్లి గుడ్డ పట్రా, ఉప్పు మూట కట్టాల."

సాయిదుర్గ గుడ్డ తెచ్చింది. ఇంకేం చెయ్యాలో తోచలేదు. ఆ మూట తన చేత్తోనే కట్టింది. వేళ్ళు చుర్రుమన్నాయి.

దాలయ్య తాత వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, బక్కగా, నల్లగా, వల తాడు ముడివేసినట్టుంటాడు. "ఎవుడ్రా బిళ్ల కట్టించుకున్న మొనగాడు? అల్లుడి మరియాదలు కావాలేటి?" అంటూ లోపలికి నడిచాడు. సింహాద్రి మూట అందుకుని "ఆడోలు బయటుండండి" అని తలుపు మూసేశాడు.

ఆ తలుపుకు గడియ లేదు. ఉప్పుగాలికి తుప్పు పట్టి ఎప్పుడో ఊడిపోయింది. వేలితో తోస్తే తెరుచుకుంటుంది. సాయిదుర్గ దాని ముందు నిలబడింది. లోపల ఆముదం సీసా మూత తీసిన చప్పుడైంది. "కాలు సాపు" అన్నాడు దాలయ్య. "సాపలేను తాతా." "సాపకపోతే ఎలాగరా?" తరవాత బావ మూలుగు. ఇంకా ఎవరూ చెయ్యి పెట్టలేదు, కాలు చాపడానికే ఆ మూలుగు.

చెప్పాలంటే మగవాళ్ళ ముందు ఆ మాట అనాలి. వేసిన ఒట్టు తియ్యాలి. సాయంత్రం కుళాయి దగ్గర దాన్ని పది నోళ్ళు నములుతాయి. బావ ఇంక ఆమె ముఖం చూడడు. ఇంతా చేసి నిజంగా బిళ్లే అయితే? ఆమె అడుగు వెనక్కి పడింది. పడ్డ కాలికి కింద పారేసిన గుడ్డపీలిక తగిలింది. పొద్దున్న బావ పుండుకు కట్టు మార్చి తానే పారేసిన పీలిక. ఐదు రోజులుగా ఆ కట్టు ఆమే కడుతోంది. ఏ కాలికి?

తలుపు తోసింది.

దాలయ్య మోకాళ్ళ మీద కూర్చుని చేతులకు ఆముదం పట్టించుకుంటున్నాడు. సింహాద్రి మూట పట్టుకున్నాడు. ఉమామహేష్ లుంగీ గబుక్కున మీదికి లాక్కున్నాడు.

"ఏటే!" అని గద్దించాడు సింహాద్రి.

నోరు తెరిచింది. హాజరు పిలిచినప్పటిలాగే గొంతులోంచి ఏమీ రాలేదు. వంగి బావ ఎడమ కాలి మడమ పట్టుకుంది, కట్టుతో సహా.

"ఏటంతంది గుంట?" అన్నాడు దాలయ్య.

"దెబ్బ ఈ కాలికి." గొంతు చీరుకున్నట్టు వచ్చింది. "ఎడం కాలికి, తాతా. బిళ్లేమో కుడి పక్కనుంది."

ఆముదం కారుతున్న చేతులు గాల్లో ఆగిపోయాయి. దాలయ్య ఎడమ కాలి కట్టు చూశాడు. కుడి కాలు ఒళ్ళోకి తీసుకుని అరికాలు, వేళ్ళ సందులు, పిక్క, మోకాలు వేళ్ళతో తడిమాడు. వలలో చిరుగు వెతికేవాడిలా రెండుసార్లు తడిమాడు.

"సింహాద్రీ, ఈ కాలికి గీత కూడా నేదురా."

"నేకపోతేటి సిన్నానా? అటుది ఇటొచ్చుంటాది."

"యాబై ఏళ్ల బట్టీ నలుపుతున్నాను. ఏ కాలి పుండుకి ఆ పక్కే బిళ్ల. పక్కింటి గోడ దూకి ఎల్లడానికి అదేటన్నా పిల్లి అనుకున్నావా?" ఉమామహేష్ వైపు తిరిగాడు. "నిజం సెప్పు. ఎన్నాళ్ల బట్టీ ఉంది?"

"ఇయ్యాలే..."

"కాదు," అంది సాయిదుర్గ. "ఫిబ్రవరి పదమూడు నుంచీ ఉంది. అప్పుడు పడుకుంటే లోపలికి పోయేది. పొద్దున్న ఇంజనెత్తినప్పుడు వచ్చింది, ఇంక పోలేదు. ఆరుంబావుకి. అది పేగు తాతా. నలిపితే చచ్చిపోతాడు."

అంత పొడుగు మాట ఆ ఇంట్లో ఆమె అనడం అదే మొదలు. ఉమామహేష్ ఆమె వైపు చూసిన చూపుకు మడమ వదిలేసింది.

"ఒట్టేసినావు," అన్నాడు.

సింహాద్రి లేచాడు. "మా ఇంట్లో తిని మావోడి గుట్టు ఈదిన పెడతావా? పొద్దున్న అంటావు, నాలుగు నెలల కితం అంటావు, తేదీలంటావు. ఎవులు సూడమన్నారే నిన్ను?"

దాలయ్య ఆయన చేతిలోని మూట లాక్కుని నీళ్ళ బకెట్టులో పడేశాడు. బుస్సుమంది. "గుంటనేటంటావురా? ఆడి గజ్జ సూడు, రాయిలాగుంది. ఏలు తగలకముందే ఎగిరి పడతన్నాడు. బిళ్లైతే కదులుతాది, వాంతులు తెప్పించదు. నాను సెయ్యి పెట్టను. నువ్వూ పెట్టకు. ఆటో పిలు."

"ఏట..."

"ఏట సముద్రంలోనే ఉంటాది, ఎక్కడికీ పోదు. పిలు!"

పెద్దాసుపత్రికి ఆటోలో పావుగంట. బీచిరోడ్డు మీద ప్రతి గతుకుకూ ఉమామహేష్ పళ్ళు బిగించి ముందు సీటు కమ్మీ పట్టుకున్నాడు. ఒక చోట అరిచేశాడు. సింహాద్రి డ్రైవరు మెడ మీద చెయ్యేసి "మెల్లగా బావా" అని, మళ్ళీ వెంటనే "బేగి పోనీ" అన్నాడు. డ్రైవరు ఆ రెండూ ఎలా చెయ్యాలో తెలియక హారను కొట్టాడు. సాయిదుర్గ ఒళ్ళో ప్లాస్టిక్ బకెట్టు, బకెట్టు కింద నోటుపుస్తకం. దారిలో అత్త ఫోను చేసింది.

"అత్తా, నాను. బావని పెద్దాసుపత్రికి తీసుకెల్తన్నాం. నువ్వు అక్కడికే వచ్చీ."

"ఎవులే నువ్వు?"

"దుర్గని."

"దుర్గవా? నీకింత గొంతుందేటే?" అని, అప్పుడు మాట అర్థమై, "ఓలమ్మో, ఏటైంది నా బాబుకి?" అని సీతమ్మధార వీధిలో సీతాలు ఏడుపు మొదలుపెట్టింది.

క్యాజువాలిటీలో డాక్టరు చిన్న వయసు మనిషి, జుట్టు ముడి వేసుకున్న అమ్మాయి. తెర లాగి ఉమామహేష్‌ను చూసి బయటికొచ్చి ఒక్కటే అడిగింది.

"ఎన్ని గంటలైంది ఇది ఇరుక్కుని?"

"ఓ గంట... రెండు గంటలమ్మా," అన్నాడు సింహాద్రి. ఆలస్యం చేశారని తిడతారేమోనన్న భయం ఆయనది.

"సరిగ్గా చెప్పండి. ఆ గంటల మీదే ఉంది మొత్తం."

సాయిదుర్గ పుస్తకం తెరిచింది. తేదీ కింద వేలు పెట్టి చదివింది. "ఆరుంబావుకి బరువెత్తాడండి. ఎనిమిదింటికి ఒక వాంతి, తొమ్మిదిన్నరకి ఒకటి, పదకొండుకి పచ్చగా ఒకటి. ఆటోలో ఇంకొకటి."

డాక్టరు గోడ గడియారం చూసింది. ఒంటిగంట. "ఆరుగంటలు దాటింది. పిసికారా? కాపడం పెట్టారా?"

"పెట్టబోయేమమ్మా," అన్నాడు దాలయ్య. ఆముదం చేతులు ఇంకా తుడుచుకోలేదు. "ఈ గుంట ఆపింది."

డాక్టరు ఒకసారి సాయిదుర్గను చూసి, సింహాద్రితో త్వరత్వరగా చెప్పింది. కొందరికి గజ్జల్లో పుట్టుకతోనే ఒక బలహీనమైన చోటు ఉంటుంది. బరువులెత్తేవాళ్ళకు, తాళ్ళు లాగేవాళ్ళకు, విపరీతంగా దగ్గేవాళ్ళకు ఆ చోటు తెరుచుకుని పేగు బయటికొస్తుంది. వయసుతో పని లేదు. ఈ పొద్దున్న ఒక్కసారిగా పెద్ద బరువు ఎత్తడంతో వచ్చిన పేగు అక్కడే బిగుసుకుంది. ఇప్పుడే కోసి చూడాలి. పేగు రంగు ఎర్రబడితే లోపల పెట్టి కుట్టేస్తాం. నల్లబడిపోయుంటే ఆ మేరకు తీసెయ్యాలి. "అది తెరిస్తేగానీ తెలీదు. సంతకం పెట్టండి."

సింహాద్రి కలం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "ఆ ఇంజను," అన్నాడు, "నానే ఎత్తమన్నానమ్మా. పల్లకీ కావాలా అన్నాను." సాయిదుర్గ కాగితం మీద సంతకం పెట్టాల్సిన గీత వేలితో చూపించింది.

ఉమామహేష్‌ను స్ట్రెచరు మీద నడవలో తోసుకెళ్తున్నారు. పక్కన సింహాద్రి, ఆయన వెనక దాలయ్య, అందరి వెనక సాయిదుర్గ. ఆపరేషను గది ముందు స్ట్రెచరు ఆగింది. సింహాద్రి కొడుకు తల నిమిరి పక్కకు తప్పుకున్నాడు. ఉమామహేష్ కళ్ళు ఆమె కోసం వెతికాయి.

"సెప్పీసినావు గదే."

"సెప్పీసినాను."

"మొత్తం?"

"తేదీలతో."

నవ్వబోయాడు. నవ్వితే నొప్పి కడుపులోకి పాకినట్టుంది, కళ్ళు మూసుకున్నాడు. స్ట్రెచరు చక్రాలు గడప దాటుతుండగా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పట్టు చల్లగా ఉంది, గట్టిగానూ ఉంది.

"పేగు రంగు సూసి సెప్తారంట," అన్నాడు. "అదేటో అడిగి రాసుకో."

తల ఊపింది. ఊపుతూనే స్ట్రెచరుతో పాటు రెండడుగులు లోపలికి నడిచింది. సిస్టరు చెయ్యి అడ్డుపెట్టి, ఇద్దరి వేళ్ళూ విడదీసి, "ఇక్కడిదాకేనమ్మా" అని ఆమెను గడప ఇవతలికి నెట్టి తలుపు మూసింది. లోపల గడియ పడ్డ చప్పుడు వినబడింది.